పార్కులో కాపురం

పెళ్ళిచూపులకు వచ్చిన రోజు దయానంద్ తన గురించి చెప్పుకున్నవి రెండే మాటలు. చిత్తూరులో ఒక పార్కుకు కాపలా పని. ఇల్లు కూడా ఆ పార్కులోనే.

నాయుడుపేట పక్క పల్లెలో ఒక రేకుల ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళికూతురు రూతు తల్లి నాగులమ్మ కాఫీ గ్లాసులు కింద పెట్టి, "పార్కులోనా? అంటే చెట్లూ చేమలూ ఉంటాయా నాయనా?" అని అడిగింది.

"చెట్లుండాయి, పూలుండాయి, ఉయ్యాలలుండాయి, జారుడుబండ ఉండాది. నేను పుట్టింది, పెరిగింది అంతా ఆడనే అత్తా," అన్నాడతను. గొప్ప చెప్పుకుంటున్నట్టు లేదు. ఉన్నది చెబుతున్నట్టే ఉంది.

తలుపు చాటున నిలబడ్డ రూతుకు నవ్వొచ్చింది. అప్పటికి ఆమె చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి, రోజంతా జిగురు వాసనలో కూర్చుని, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేది. ఇంటి ముందు హైవే. చెట్టంటే లారీల దుమ్ము పట్టిన వేప ఒక్కటే. ఆదివారం మాత్రం ఆమెది. ఆ రోజు తెల్ల చీర కట్టుకుని చర్చికి పోతే మధ్యాహ్నం దాటేదాకా రాదు. పాట ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు లేస్తేనే మిగతా ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు.

పార్కులో కాపురం అనుకోగానే ఆమెకు మనసు చల్లబడింది. సరే అంది.

పెళ్ళయి చిత్తూరు వచ్చిన సాయంత్రం పార్కు నిండా జనం. ఐస్‌క్రీం తింటున్న పిల్లల మధ్య నుంచి, బంతులాడుతున్న వాళ్ళను తప్పించుకుంటూ, పట్టుచీరలో నడిచి ఆమె ఆ ఇంట్లో కాలు పెట్టింది. ఇల్లంటే నీళ్ళ మోటారు గది వెనక రెండు గదులు. ఒకప్పుడు పారలు, రబ్బరు పైపులు దాచుకునే కొట్టు. అత్త ఎప్పుడో చనిపోయింది. మామ జయరావు ఆ పార్కుకు మొదటి కాపలాదారు, తోటమాలి కూడా. కాళ్ళలో సత్తువ తగ్గాక పని కొడుక్కి అప్పజెప్పాడు. "రామ్మా, నీ ఇల్లే," అని గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

జనం వెళ్ళిపోయాక దయానంద్ గేటుకు గొలుసు బిగించి వచ్చి ఆమెను ఉయ్యాల మీద కూర్చోబెట్టాడు. వెనక నిలబడి ఊపాడు. చెట్ల మీద పక్షులు సర్దుకుంటున్నాయి. తడిసిన గడ్డి వాసన వేస్తోంది.

"సూడు, ఇదంతా ఇంక మనదే," అన్నాడు.

రూతు కాళ్ళు చాపి ఇంకా పైకి ఊపమంది. ఆ సాయంత్రాన్ని ఆమె ఎన్నడూ మరచిపోలేదు. మళ్ళీ ఆ ఉయ్యాల ఎక్కడమే ఆమెకు కుదరలేదు.

మొదటి ఆదివారమే చిక్కు తెలిసింది. తెల్ల చీర కట్టుకుని, బైబిలు చేత పట్టుకుని ఆమె గుమ్మంలోకి వస్తే దయానంద్ వింతగా చూశాడు.

"యాడికి?"

"చర్చికి."

"ఈ పొద్దు ఆదివారం కదా మే!"

"ఆదివారం కాబట్టే కదా."

అతను నవ్వాడు. మామూలు రోజుల్లో పార్కు పొద్దున నడిచేవాళ్ళకు తెరిచి, ఎండెక్కగానే మూస్తారు. మళ్ళీ సాయంత్రమే. ఆదివారం అట్లా కాదు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా జనం వస్తూనే ఉంటారు. ఒకరికి తాగే నీళ్ళు కావాలి. ఒకరి పిల్లాడు కనబడడు. ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో నీళ్ళు రావు. ఇద్దరు మనుషులు లేనిదే జరగదు. ఇన్నాళ్ళూ తండ్రీ కొడుకులు చూసుకున్నారు. తండ్రికి చేతకాదు కాబట్టి ఇప్పుడు రెండో మనిషి రూతు. ఆమెకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు, జీతమూ లేదు. పని మాత్రం ఉంది.

"మేము పండగలకు పోతాం గదా," అన్నాడు దయానంద్. కానీ క్రిస్మస్ అంటే అందరికీ సెలవు. ఆ రోజు జనం ఇంకా జాస్తి. రూతు వేకువన జరిగే ఆరాధనకు పోయి, చివరి ప్రార్థన ముగియకముందే లేచి పరుగున వచ్చేసేది.

వారంలో మిగతా రోజులు వేరే తీరు. మధ్యాహ్నాలు దయానంద్ మోటారు సామాన్లకో, ఆఫీసు పిలుపుకో ఊళ్ళోకి పోయేవాడు. పోతూ పోతూ గేటుకు బయట తాళం వేసేవాడు. లోపలి నుంచి గడియ పెట్టుకుంటానని రూతు ఎన్నోసార్లు చెప్పింది.

"నీకు తెలీదు మే. ఎవురో ఒకరు వచ్చి గేటు కొడతారు. నువ్వు పాపమని తీస్తావు. లోపల తాగి సీసాలు పగలగొడితే నా మీదికి వస్తాది," అనేవాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ కూడా అట్లాగే ఉండేది. ఆ గోడల మధ్య పెరిగినవాడికి అవి గోడలుగా కనబడలేదు.

ఆ మధ్యాహ్నాల్లో రూతు గేటు దగ్గరికి పోయి కూర్చునేది. గేటు బయట పంకజాక్షి అనే ఆవిడ తోపుడుబండి మీద ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మేది. సాయంత్రం బేరానికి మధ్యాహ్నమే వచ్చి గంగాళం పొయ్యి మీద పెట్టేది. ఇద్దరూ కమ్మీలకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఊళ్ళో ఏ వీధిలో ఏం జరిగిందో, బజారులో చీరలు ఎట్లా ఉన్నాయో రూతుకు తెలిసింది పంకజాక్షి నోటి వెంటే.

ఆ కమ్మీలు ఎంత పని చేయగలవో తెలిసింది ఒక మే నెల మధ్యాహ్నం. కూతురు షారోను అప్పటికి చిన్నపిల్ల, నేల మీద పడుకుని ఉంది. జయరావు చెంబు తీసుకుని పెరట్లోకి పోయాడు. చెంబు పడిన చప్పుడు విని రూతు వెళ్ళి చూస్తే మనిషి ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. నోరు వంకర పోయింది. మాట రావడం లేదు.

దయానంద్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. గేటు దగ్గరికి పరుగెత్తి గొలుసు పట్టుకుని ఊపింది.

"అక్కా! మామ పడిపోయినాడక్కా! తాళం బయటుండాది!"

పంకజాక్షి రోడ్డు మీదికి పోయి చేతులడ్డం పెట్టి ఒక ఆటోను ఆపింది. డ్రైవరు దిగి తాళం చూసి, దారిన పోయే ఇంకో ఇద్దరిని పిలిచాడు. బండరాయి తెచ్చి తాళం మీద కొట్టారు. అది అంత తొందరగా విరగలేదు. ఒక్కో దెబ్బకూ రూతు లోపలి వైపు నుంచి గొలుసు పట్టుకుని లాగుతూనే ఉంది. విరిగాక ముసలాయన్ని మోసుకుపోయి ఆటోలో పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం తిరిగి రాలేదు. మాట ముద్దగా, సగం సగం వచ్చేది. ఆ రాత్రంతా దయానంద్ తన తండ్రి మంచం పక్కనే కూర్చున్నాడు. మర్నాడే కొత్త తాళం కొని, దాని రెండో చెవి రూతు చేతిలో పెట్టాడు.

అన్నేళ్ళకు తాళంచెవి చేతికొచ్చింది. పోవడానికే లేకుండా పోయింది. మామకు తినిపించాలి, తిప్పి పడుకోబెట్టాలి, దొడ్డికి కూర్చోబెట్టాలి. ఆయన ఆమె కోసం ఎదురుచూస్తూ కళ్ళతోనే పిలిచేవాడు. ఆ చూపును వదిలి పంకజాక్షి దాకా పోవడానికి కూడా ఆమెకు మనసొప్పేది కాదు.

ఆ తర్వాత పార్కు రూపు మారింది. ఒక కాంట్రాక్టరు దాన్ని తీసుకున్నాడు. పిల్లల రైలు వచ్చింది. గుంత తవ్వి నీళ్ళు నింపి, కాళ్ళతో తొక్కే చిన్న పడవలు వదిలారు. ప్రవేశానికి టికెట్టు పెట్టారు. అన్నీ చూసుకోవడానికి భానుచందర్ అనే మేనేజరు వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో ఈల. దయానంద్‌ను పనిలోంచి తీయలేదు, ఇల్లూ ఖాళీ చేయమనలేదు. అదే పదివేలనుకున్నారు.

ఒకరోజు పెయింటర్లు వచ్చి ఇంటి గోడల మీద కుందేళ్ళు, ఎలుగుబంట్లు, గొడుగుల్లాంటి పుట్టగొడుగులు గీశారు. చెక్కలతో బురుజులు చేసి రేకుల మీద నిలబెట్టారు. పార్కు మధ్యలో మాసిన గోడలు బాగా లేవని, దాన్ని కూడా బొమ్మల కోటలా చేసేస్తే సరిపోతుందని భానుచందర్ ఆలోచన. పని అయ్యాక దయానంద్ దూరంగా నిలబడి చూసి, "శానా బాగుండాది కదా!" అని మురిసిపోయాడు. షారోను కూడా మొదట్లో గంతులేసింది.

ఆ ఆదివారం నుంచే ఇంటి ముందు ఫోటోల కోసం జనం గుంపు కట్టారు. రూతు పొయ్యి దగ్గరుంటే కిటికీలోంచి తలలు కనబడేవి. బట్టలు ఆరేయడానికి చోటు లేదు, తీగ ఫోటోలో పడుతుందని భానుచందర్ తీయించేశాడు. తలుపు వేసుకుంటే చిత్తూరు ఎండకు లోపల ఉడికిపోవాలి. అయినా వేసుకునే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె జయరావుకు రాగి సంగటి మెత్తగా పిసికి నోట్లో పెడుతుంటే తలుపు తోసుకుని ఒక కుటుంబం లోపలికి వచ్చేసింది. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. వెలుగులోంచి చీకట్లోకి వచ్చారు కాబట్టి వాళ్ళకు వెంటనే ఏమీ కనబడలేదు.

"లోపల ఏముండాది? ఇది కూడా టికెట్‌లోనేనా?" అంటున్నాడు మొగుడు.

"అయ్యో, మనుషులుండారండీ!" అంది పెళ్ళాం.

చిన్నపాప మాత్రం మంచం దాకా వచ్చింది. వంకర పోయిన నోటితో, కదలకుండా కూర్చున్న జయరావును తేరిపార చూసింది.

"అమ్మా, ఈ తాత కూడా బొమ్మేనా?"

రూతు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జయరావు కుడి కంట్లోంచి నీళ్ళు కారాయి. జబ్బు చేసినప్పటి నుంచి ఆ కన్ను ఊరికే కారుతూనే ఉంటుంది, ఈసారి దేనికో తెలియదు. తల్లి పాపను రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. మొగుడు గుమ్మంలో ఆగి, "బోర్డు పెట్టుకోవచ్చు గదమ్మా," అని గొణిగాడు.

బోర్డు పెడతామని దయానంద్ అడిగితే భానుచందర్ ఒప్పుకోలేదు. ముందు భాగం పాడవుతుందన్నాడు. గడియ బిగించుకోమన్నాడు.

క్రిస్మస్ అయిపోయిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం, చర్చి వాళ్ళే పార్కుకు వచ్చారు. ఆరాధన కాగానే సండే స్కూలు పిల్లలను, ఆడవాళ్ళను వ్యానుల్లో ఎక్కించి షికారుకు తీసుకొచ్చింది పాస్టరమ్మ జ్ఞానాంబ. బిర్యానీ గిన్నెలు, పెరుగన్నం, జంపఖానాలు మోసుకుంటూ కానుగ చెట్ల కిందికి చేరారు. ఆ రోజు రైలు దగ్గర టికెట్లు చింపే అమ్మాయి రాలేదు. మామ నిద్రపోయిన సమయం చూసి భానుచందర్ రూతును అక్కడ నిలబెట్టాడు. మెడలో టికెట్ల సంచితో ఉన్న ఆమెను జ్ఞానాంబే గుర్తుపట్టింది.

"నువ్వు జయరావు కోడలివి కదమ్మా? రూతువి?"

"వందనాలమ్మా. అవునమ్మా."

"కనబడనే కనబడవే తల్లీ. మామకెట్లుండాది?"

"అట్లే ఉండాడమ్మా. వస్తానమ్మా చర్చికి. వస్తాను," అంది రూతు. అడగని దానికి కూడా జవాబు చెప్పేసింది.

అన్నాలయ్యాక పాటలు మొదలయ్యాయి. కొంచెం దూరాన రైలు పట్టాల దగ్గర నిలబడి ఆమె వింటోంది. జ్ఞానాంబ చెయ్యూపి పిలిచింది. "రామ్మా, మీ పెండ్లి నాడు నీ గొంతు విన్నాను నేను. ఒక్కటి ఎత్తుకో."

రూతు చుట్టూ చూసింది. రైలు అప్పుడే పిల్లలతో కదిలింది, తిరిగి రావడానికి కాస్త సమయం ఉంది. సంచి పక్కకు తిప్పుకుని జంపఖానా అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మొదట గొంతు బొంగురుపోయింది. రెండో వరసకు తేటపడింది. పల్లవి అయి చరణం దగ్గరికి వచ్చేసరికి మాటలు గుర్తు రాలేదు. నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు. పక్కనున్న ముసలావిడ మెల్లగా అందించింది. రూతు దాన్ని పట్టుకుంది. ఇరవై మంది ఆడవాళ్ళు ఆమె వెనక గొంతు కలిపారు. ఆమె గొంతు వాళ్ళందరి మీదుగా పైకి పోయింది.

అప్పుడు ఈల మోగింది.

"ఏమ్మా, టికెట్లు ఎవరు చింపుతారు? జనం నిలబడుండారు!" భానుచందర్ రైలు దగ్గర్నుంచి కేకేశాడు.

ఆమె చరణం మధ్యలో లేచింది. పాట ఆగలేదు, మిగతావాళ్ళు నడిపించారు. రూతు టికెట్లు చింపి పిల్లలను పెట్టెల్లో కూర్చోబెడుతూనే ఉంది. పెదవులు మాత్రం చివరిదాకా కదిలాయి.

ఆ సాయంత్రం మొగుడికి అన్నం వడ్డిస్తూ, "వచ్చే ఆదివారం నేను చర్చికి పోతా," అంది.

ఆమె గొంతులో ఏం విన్నాడో, దయానంద్ వాదించలేదు. "పోయిరా. నేను సూసుకుంటా," అన్నాడు.

నిజంగానే పోయింది. ఆటో దిగి చర్చి మెట్లెక్కింది. వెనక వరసలో కూర్చుంది. మొదట అంతా మనసు ఇంటి మీదే ఉంది. మామను తిప్పి పడుకోబెట్టాడో లేదో, మోటారు ఆపాడో లేదో. పాటలు మొదలయ్యాక అవన్నీ మరచిపోయింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళతో మెట్ల మీద నిలబడి టీ తాగింది, నవ్వింది. ఎవరో ఆమె చీర బాగుందన్నారు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. టికెట్ల దగ్గర కొత్తగా చేరిన మనిషి ఆమెను ఆపాడు. "టికెట్టమ్మా."

"ఇంటికి పోవాలబ్బా," అంది నవ్వుతూ. ఆ నవ్వుతోనే లోపలికి నడిచింది.

ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. ఫోటోలకు కాదు. గడప మీద జయరావు పడి ఉన్నాడు. ఎడమ చేత్తో నేల మీద పాకుతూ గుమ్మం దాకా వచ్చి, అక్కడే లుంగీలో పోసుకున్నాడు. పైన గోడ మీద కుందేళ్ళు నవ్వుతున్నాయి. పిల్లల ముఖాలు తిప్పేసి తల్లిదండ్రులు దూరం జరుగుతున్నారు. ఒక కుర్రాడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

రూతు వాళ్ళను తోసుకుంటూ పోయి తన తెల్ల చీర కొంగు మామ మీద కప్పింది. చంకల కింద చేతులు వేసి లోపలికి లాక్కుపోయి తలుపు వేసింది. నీళ్ళు కాచి ఒళ్ళు కడిగింది. దయానంద్ రొప్పుకుంటూ వచ్చాడు. పిల్లల రైలు పట్టా తప్పిందట, ఒక పాపకు మోచెయ్యి గీసుకుందట. "ఇట్ల పోయి అట్ల వస్తామనుకుంటిని మే..." అని తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

భానుచందర్ తలుపు బయట నిలబడే మాట్లాడాడు. "సంతోషంగా ఉందామని వస్తారు జనం ఈడికి. ఇట్లాంటివి సూసేదానికా? పెద్దాయన్ని బయటికి రానీకండి. లేదంటే ఇల్లు సంగతి ఆలోచించుకోవాల్సి వస్తాది."

అతను పోయాక జయరావు రూతు చెయ్యి పట్టుకున్నాడు. ముద్దగా, ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు. "పో...మ్మా. మల్లా... పో."

ఆమె తల ఊపింది. కానీ తర్వాతి ఆదివారం పోలేదు. ఆ తర్వాతదీ పోలేదు. ఇప్పుడు ఎవరూ వద్దనడం లేదు. తెల్ల చీర బయటికి తీస్తే చాలు, గడప మీద పడి ఉన్న మనిషి కళ్ళ ముందుకు వచ్చేవాడు. చీర మడత పెట్టి పెట్టెలో అడుక్కు తోసేసింది.

షారోను ఐదో తరగతికి వచ్చింది. బడిలో అందరూ ఆ పిల్లను పార్కు పిల్ల అనేవాళ్ళు. మొదట్లో దానికి గర్వంగా ఉండేది. తర్వాత ఆదివారాల్లో తరగతి పిల్లలు వచ్చి కిటికీలోంచి పేరు పెట్టి పిలవడం, సోమవారం బడిలో వాళ్ళ తాత గురించి చెప్పుకోవడం మొదలైంది. ఆ పిల్ల ఉయ్యాల ఎక్కదు, పడవ ఎక్కదు. ఆదివారం పొద్దున్నే మంచం కిందికి దూరి పుస్తకం పట్టుకుని పడుకునేది. కార్వేటినగరం వైపు ఉన్న బాలికల గురుకులానికి బడిలో పరీక్ష రాయించారు. సీటు వచ్చింది.

ఆ మాట చెప్పిన సాయంత్రం షారోను తల్లిని అడిగింది ఒక్కటే. "హాస్టల్లో కిటికీలోంచి ఎవురూ తొంగిచూడరు కదమ్మా?"

దయానంద్ ససేమిరా అన్నాడు. అతనికి నిజంగా మనసు నొచ్చుకుంది. "ఊళ్ళో పిల్లోళ్ళంతా ఈడికి రావాలని ఏడుస్తారు. మన బిడ్డ ఈడ్నించి పోతానంటాదా? ఏం తక్కువ సేసినాను దానికి?"

"ఏం తక్కువ సేయలేదు నువ్వు," అంది రూతు.

"మరి?"

"వాళ్ళు సాయంకాలం వచ్చి, ఆడుకోని, ఇండ్లకు పోతారయ్యా. మనం యాడికి పోతా ఉండాం?"

ఆ ప్రశ్న అతనికి ఎప్పుడూ తోచలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. దయానంద్ లేచి, నీళ్ళ పైపు తీసుకుని చెట్ల మధ్యకు పోయాడు. తడిపిన మడినే మళ్ళీ తడిపాడు. పొద్దున కాఫీ తాగుతూ, "బిడ్డకు ఇనప పెట్టె ఒకటి కొనాల," అన్నాడు.

షారోనును చేర్చడానికి భార్యాభర్తలు ఇద్దరూ పోయారు, పార్కు మూసి ఉన్న వేళ, పంకజాక్షిని జయరావు దగ్గర కూర్చోబెట్టి. గురుకులంలో టీచరమ్మ అన్నీ చెప్పింది. తల్లిదండ్రులు పిల్లలను చూడడానికి నెలలో రెండో ఆదివారం రావచ్చు.

"వేరే పొద్దు రాకూడదా అమ్మా?" అని అడిగింది రూతు.

"మామూలు రోజుల్లో తరగతులుంటాయి కదమ్మా."

తిరిగి వచ్చే బస్సులో రూతు కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది.

మొదటి నెల దయానందే పోయాడు. నువ్వుల ఉండలు, ఊరగాయ, ఉతికిన బట్టలు ఆమె సంచిలో సర్ది ఇచ్చింది. సాయంత్రం వచ్చి, బిడ్డ బాగానే ఉందనీ, అమ్మ రాలేదా అని రెండు మూడుసార్లు అడిగిందనీ చెప్పాడు. రెండో నెల, ఆ ఆదివారానికి ముందు రోజు అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే రూతు, "ఈసారి నేను పోతా," అంది.

"నాయన్నెవురు సూస్తారు?"

"మీ నాయనే కదయ్యా. ఇన్నేండ్లు నేను సూసినాను. నెలకొక్క పొద్దు నువ్వు సూడు. ఇంట్లోంచి బయటికి రావొద్దు. రైలు పడిపోయినా రావొద్దు."

"పని పోతాదేమో మే."

"పోతే పోనీ అని నేను అనడం లే. పోకుండా ఎట్ల సూసుకోవాలో నువ్వు సూసుకో."

దయానంద్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. తర్వాత గేటు బయటికి పోయి పంకజాక్షితో మాట్లాడాడు. ఆమెకు ఆదివారమే అసలైన బేరం. అయినా ఆ పొద్దు బండి తీయకుండా వచ్చి జయరావు మంచం పక్కన చాప వేసుకుని కూర్చుంది. "నెలకొక పొద్దే కదప్పా. ఇంటి దగ్గర్నే కాయలు ఉడకేసి మా సెల్లెలికిచ్చి కూసోబెడతాలే ఇంక," అంది. దయానంద్ గేటుకూ ఇంటికీ మధ్య తిరిగాడు. భానుచందర్ ముఖం గంటు పెట్టుకున్నాడు కానీ, అడ్డం పడలేదు.

రూతు పుత్తూరు బస్సెక్కి కార్వేటినగరంలో దిగింది. గురుకులం ఆవరణలో చెట్టు నీడన తల్లీ కూతుళ్ళు అన్నం తిన్నారు. షారోను మాటలు ఆపకుండా చెప్పింది. పక్క మంచం పిల్ల గురకపెడుతుందట, ఖోఖోలో తనను జట్టులోకి తీసుకున్నారట. మట్టి కొట్టుకుపోయిన పాదాలు చూపించింది. రూతు ఆ పాదాలను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ విన్నది. ఆడుకోవడమంటే పారిపోయే పిల్ల ఇదేనా అనుకుంది.

వేళయిందని టీచరమ్మ చెప్పాక లేచింది. ఏడుపు రాకుండా ఇద్దరూ జాగ్రత్త పడ్డారు.

బస్టాపులో కూర్చున్నప్పుడు చిత్తూరు బస్సు వచ్చి ఆగింది. నిలబడి పోవడానికి చోటుంది. కండక్టరు ఆమె వైపు చూసి, "వస్తావామ్మా?" అన్నాడు. రూతు లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఎదురుగా అంగట్లో టీ తెచ్చుకుని మళ్ళీ అదే అరుగు మీద కూర్చుంది. దారిన పోయేవాళ్ళు ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

ఫోను మోగింది. "యాడుండావు మే?" అన్నాడు దయానంద్. వెనకాల పిల్లల రైలు కూత వినబడుతోంది.

"ఈడనే ఉండా. మామ తిన్నాడా?"

"తిన్నాడు. పంకజాక్షి తినిపించింది. బస్సు రాలేదా?"

"రాలేదు," అంది రూతు.

టీ పూర్తిగా తాగింది. గ్లాసు అంగట్లో ఇచ్చి వచ్చి, తర్వాతి బస్సు కనబడగానే సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడింది.